అయవాస్కా సోమరసమేనా? ఒక అర్చకుని ఆలోచన

గత వైశాఖమాస ప్రారంభంలో మిర్యాలగూడ నుండి ఒక యువకుడు మా శివాలయానికి వచ్చాడు. వారి కుటుంబానికి అక్కడ రైసుమిల్లు ఉన్నది. తాతగారి కాలం నుండి ఏటా మా స్వామికి మహాన్యాసపూర్వక రుద్రాభిషేకం చేయించడం ఆ ఇంటివారి వాడుక. ఈ అబ్బాయి కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అభిషేకం ముగిసి తీర్థప్రసాదాలు స్వీకరించిన పిమ్మట కూడా అతడు మండపం వదలలేదు. భక్తులందరూ వెళ్ళిన తరువాత నా దగ్గరకు వచ్చి, మెల్లగా, "అయ్యగారూ, నేను అమ్మను చూశాను" అన్నాడు.

అతని తల్లి 2021లో, కరోనా రెండవ విజృంభణ కాలంలో, వైశాఖ బహుళపక్షంలో శివసాయుజ్యం పొందింది. అప్పుడు విమానాలు లేవు. ఉన్నా, వెళ్తే తిరిగి రావడానికి వీసా దొరుకుతుందో లేదో తెలియని స్థితి. తండ్రిగారే కర్మలన్నీ నిర్వహించారు. ఈ అబ్బాయి దహనసంస్కారాన్ని ఫోనులో చూశాడు. అప్పటి నుండి ప్రతి సంవత్సరమూ తిథినాడు తండ్రిగారే ఆబ్దికం పెడుతున్నారు. ఇతడు ఒక్కసారి కూడా కర్తగా కూర్చోలేదు.

ఆ దుఃఖం మోసి మోసి, చివరకు ఒక స్నేహితుని మాట మీద దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్ళాడట. అక్కడ ఉకయాలి నదీతీరాన పుకల్పా పట్టణ ప్రాంతంలో స్వస్థతా శిబిరాలు ఉంటాయి. వాటిని రిట్రీట్లు అంటారు. రాత్రివేళ, దీపం ఆర్పిన పెద్ద గుండ్రని పాకలో, అడవిజాతికి చెందిన వైద్యుడు పాడుతూ ఉండగా, అయవాస్కా అనే చేదు కషాయాన్ని త్రాగిస్తారు. గంట గడిచేసరికి వాంతులు. ఆ తరువాత దర్శనాలు. ఇతనికి మొదట సర్పాలు, రంగవల్లుల వంటి ఆకృతులు కనిపించాయట. ఆ తరువాత మిల్లు వెనుక పెరట్లో కూర్చొని బియ్యం చెరుగుతున్న తల్లి కనిపించింది. "నేను మంచిగనే ఉన్న. నువ్వు అన్నం తిన్నవా?" అని అడిగిందట.

ఇది చెప్పి రెండు ప్రశ్నలు వేశాడు. "ఋషులు త్రాగిన సోమరసం ఇదే అంటున్నారు, నిజమేనా?" అన్నది మొదటిది. రెండవదాన్ని అడగడానికి కొంత సంకోచించాడు. "అమ్మ బాగానే ఉన్నానని తానే చెప్పింది కదా. ఇంకా తద్దినం ఎందుకు అయ్యగారూ?"

నేను వెంటనే సమాధానం చెప్పలేదు. ముందుగా నేను అడిగినది వేదాంతానికి సంబంధించిన మాట కాదు. "నాయనా, నీవు ఏమైనా మాత్రలు వాడుతున్నావా?" అని అడిగాను. అలా ఎందుకు అడిగానో తరువాత చెబుతాను. ముందు సోమం సంగతి.

సోమం విషయంలో నాకు ఒక చిత్రమైన అధికారం ఉన్నది: సోమయాగాన్ని ఎన్నడూ కళ్ళారా చూడకుండానే, దాని మంత్రాలను పదేళ్ళ వయసులో కంఠస్థం చేసినవాణ్ణి. తైత్తిరీయ శాఖలో వేదాధ్యయనం చేసే ప్రతి బాలుడూ అంతే. సంహిత ప్రథమకాండ ద్వితీయ ప్రపాఠకం యజమాని దీక్షతో మొదలవుతుంది. ఆ వెంటనే సోమక్రయణం వస్తుంది. కృష్ణాతీరంలోని పాఠశాలలో, తెల్లవారుజామున, అర్థం తెలియకుండానే సోమాన్ని కొనే మంత్రాలను వల్లించాము. పరాయిదేశాలలో పెద్దబాలశిక్ష వంటిది ఏదైనా ఉంటే, అందులో అంగడిబేరం మొదటి పాఠంగా ఉంటుందా అని మా గురువుగారు హాస్యమాడేవారు.

అగ్నిష్టోమం ఐదు దినాల క్రతువు. పదహారుగురు ఋత్విక్కులు. సోమాన్ని పిండే 'సుత్య' ఐదవనాడు గాని రాదు. అంతకుముందు యజమాని క్షౌరం చేయించుకొని, స్నానం చేసి, నూతన వస్త్రం కట్టి, వెన్న పూసుకొని, కృష్ణాజినం మీద, పిడికిళ్ళు బిగించి, మితభాషియై, పాలు మాత్రమే ఆహారంగా దీక్షలో ఉంటాడు. సోమాన్ని గోవు, బంగారం మొదలైనవి ఇచ్చి కొంటారు. అమ్మేవాడు సోమం అంతకంటె విలువైనదని బేరమాడతాడు. బేరం ముగిశాక బంగారాన్ని తిరిగి లాక్కొని విక్రేతను తరిమివేయడం కల్పసూత్రకారులు చెప్పిన విధి. ధర్మశాస్త్రమైతే సోమవిక్రయిని శ్రాద్ధానికి పిలువరానివారి పట్టికలో చేర్చింది. యాగానికి సోమం కావాలి. సోమాన్ని ధనానికి అమ్మేవాడు మాత్రం పంక్తిలో కూర్చోరాదు. డాలర్లు చెల్లించి నమోదు చేసుకొనే శిబిరాల గురించి విన్నప్పుడల్లా ఈ సంగతి నాకు గుర్తుకు వస్తుంది.

కొన్న సోమం అప్పటి నుండి వస్తువు కాదు, రాజు. సోమరాజును బండిలో ఊరేగించి తెస్తారు. అతిథికి చేసినట్లుగా ఆతిథ్యేష్టి చేస్తారు. సుత్యాదినాన ప్రాతస్సవనం, మాధ్యందినసవనం, తృతీయసవనం అని మూడు పర్యాయాలు రసం తీసి, ముందుగా దేవతలకు అగ్నిలో ఆహుతి ఇస్తారు. మిగిలిన శేషాన్నే ఋత్విక్కులు భక్షిస్తారు. అది కూడా ఒకరినొకరు అనుమతి అడిగి, 'ఉపహవం' పొందిన తరువాతనే. తన దర్శనం కోసం, తన దుఃఖనివృత్తి కోసం చమసం ఎత్తి త్రాగే అధికారం ఆ యాగశాలలో ఏ ఒక్కరికీ లేదు.

ఉపహవం లేకుండా త్రాగితే ఏమవుతుందో కూడా శ్రుతి చెప్పింది, అదీ ఇంద్రుని మీద పెట్టి! తన కుమారుడైన విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుణ్ణి త్వష్ట సోమయాగానికి పిలువలేదు. ఇంద్రుడు బలవంతంగా వచ్చి సోమాన్ని త్రాగాడు. అది అతనిలో నిలువలేదు. అతని వీర్యం చెదరిపోయింది. ఈ కథ తైత్తిరీయ సంహిత ద్వితీయకాండలో ఉన్నది. సోమాన్ని వమనం చేసుకొన్నవానికి శ్యామాకధాన్యంతో వండిన చరువును సోమేంద్రులకు సమర్పించే ఇష్టిని అక్కడే విధించారు. శ్యామాకమంటే మన చామల వంటి చిరుధాన్యమే. అయవాస్కా ఆచారంలో వాంతి శుద్ధికి చిహ్నం. లోపలి మలినం బయటకు పోయినట్లు భావిస్తారు. మన శ్రుతిలో సోమవమనం ఒక నష్టం, దానికి పరిహారం కావాలి. వాంతి ఒకటే, భావం పూర్తిగా విరుద్ధం. ఈ ఒక్క భేదం చాలు, రెండూ ఒకటే అని తొందరపడి చెప్పరాదని తెలియడానికి.

సోమం ఏ మొక్క అన్నది వేరే వివాదం. అమెరికాలో బ్యాంకు ఉద్యోగం చేసిన గోర్డన్ వాసన్ 1968లో ఒక పెద్ద గ్రంథం వ్రాసి, అది ఎర్రని టోపీ గల విషపుట్టగొడుగు అన్నాడు. పార్శీలు తమ హోమకర్మలో ఎఫెడ్రా మొక్కను వాడతారు గనుక అదేనని మరికొందరి పక్షం. పండితులు ఇంకా వాదించుకొంటున్నారు, వాదించుకోనీయండి. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ఆ మొక్క దొరకకుండా పోయిన కాలం ఒకటి వచ్చింది. అప్పుడు మనవారు ఏమి చేశారు? బ్రాహ్మణగ్రంథాలు పూతీకం వంటి ప్రతినిధి లతలను విధించాయి. దక్షిణదేశంలో ఆకులు లేని, త్రుంచితే పాలు కారే సోమలత వాడుకలోకి వచ్చింది. అది మత్తెక్కించే తీగ కాదు. అయినా యాగం ఆగలేదు. గోదావరీ ప్రాంతంలో, కోనసీమ అగ్రహారాలలో, ఆహితాగ్నులు మన కాలం దాకా సోమయాగాలు చేశారు. వారి జీవితాలను దశాబ్దాల పాటు దగ్గరగా చూసిన డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు 2015లో వారి మీద ఒక గ్రంథమే ప్రకటించాడు. మొక్క పోయింది, దీక్ష, స్వరం, ఉపహవం, అవభృథం మిగిలాయి. రసంలోని మత్తే యాగానికి ప్రాణమైతే, మొక్కతోబాటు యాగమూ ఆనాడే అంతరించి ఉండేది.

కాబట్టి "ఇది సోమమేనా?" అన్న ప్రశ్నకు నా సమాధానం: కాదు. ఆ తీగ తక్కువది గనుక కాదు, ఆ తీగకు దాని సొంత వేదం ఉన్నది గనుక.

ఈ మాట వ్రాసినందుకు కొందరు ఆస్తికులు నొచ్చుకొంటారని తెలుసు. అయవాస్కా పేరు వినగానే "ఛీ, మాదకద్రవ్యం" అని కొట్టివేసేవారు ఒక ప్రక్క. "ఇదంతా మన ఋషులు ఎప్పుడో కనుగొన్నదే" అని మీసం దువ్వేవారు మరొక ప్రక్క. ఇద్దరూ ఆ అడవిప్రజల వైపు తలయెత్తి చూడలేదు. అబ్బాయి చెప్పిన సంగతులు విన్న తరువాత, కొంత చదివి, నేను తెలుసుకొన్నది ఇది. ఆ కషాయం ఒక్క మొక్కది కాదు. అయవాస్కా తీగను చక్రూనా అనే మొక్క ఆకులతో కలిపి గంటల తరబడి కాచుతారు. ఆకులో దర్శనాలు కలిగించే డి.ఎం.టి. అనే ద్రవ్యం ఉన్నది. కాని వట్టి ఆకును మ్రింగితే జీర్ణకోశమే దానిని నశింపజేస్తుంది. తీగలోని హార్మీన్ మొదలైన ద్రవ్యాలు ఆ నాశనాన్ని అడ్డుకొంటాయి. వేల మొక్కలున్న మహారణ్యంలో ఈ రెండింటిని జత చేసినవారు ఎవరో! మన చరకసుశ్రుతులు విని ఉంటే లేచి నమస్కరించేవారు.

ఉకయాలి తీరంలోని షిపిబో జాతి వైద్యుడు కావాలంటే శిబిరంలో వారం గడిపితే చాలదు. ఉప్పు, తీపి, మాంసం, స్త్రీసంగమం విడిచి, ఏకాంతంలో, ఒక్కొక్క మొక్కను గురువుగా భావించి నెలలు, సంవత్సరాలు దీక్ష పట్టాలి. ఆ దీక్షలోనే పాటలు లభిస్తాయని వారి విశ్వాసం. ఆ పాటలను ఇకారోలు అంటారు. ఆ గానమే చికిత్స. కషాయం దానికి తోడు. పూర్వాచారంలో సాధారణంగా వైద్యుడే త్రాగి, రోగిలోని దోషాన్ని చూసి పాడేవాడు. రోగి త్రాగవలసిన పని లేదు. నేటి శిబిరాలలో ఇది తలక్రిందులైంది. పెరూ ప్రభుత్వం 2008లో ఈ సంప్రదాయ జ్ఞానాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. బ్రెజిల్ దేశంలో 1930ల నుండి ఈ పానీయాన్ని తీర్థంగా స్వీకరించే మతసంఘాలు ఉన్నాయి. అటువంటి ఒక సంఘపు శాఖకు అనుకూలంగా 2006లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది కూడా. మన దేశంలో మాత్రం డి.ఎం.టి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద నిషిద్ధం. ఇక్కడ ఎవరైనా గుట్టుగా ఏర్పాటు చేస్తామంటే నమ్మి వెళ్ళవద్దని స్పష్టంగా చెబుతున్నాను.

స్వరం తప్పితే మంత్రం వికటిస్తుందని చిన్ననాడు బెత్తందెబ్బలతో నేర్చుకొన్న నాకు, చీకటిలో పాటను కాపాడుతూ తెల్లవార్లూ కూర్చొనే ఆ అడవి వైద్యుడు పరాయివాడుగా తోచలేదు. తన పాట వల్లనే స్వస్థత అని అతడంటే, కాదు, నీ గిన్నెలోని రసాయనం వల్లనే అని మనమంటున్నాము. వేదపురుషుణ్ణి వదిలి సోమలత కోసం కొండలు తిరిగినట్లున్నది.

గిన్నెలో ఏమున్నదన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. మన తెలంగాణ పల్లెలవారికి దీనిని వివరించనవసరం లేదు. తాటిచెట్టు ఇచ్చే నీరు ఒకటి. క్లోరల్ హైడ్రేట్, ఆల్‌ప్రజోలం కలిపి దుకాణంలో అమ్మిన కల్లు మరొకటి. ఆ కల్తీకి అలవాటుపడి, అది దొరకని నాడు వణుకుతూ, పిచ్చి చూపులు చూసేవారిని మనం ఎరుగుదుము. అమెజానులో కూడా కొందరు కషాయంలో 'తొయె' అనే పూలమొక్కను చేరుస్తారు. అది మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. ఉమ్మెత్తపూలను నేను నిత్యం ఈ చేతులతో స్వామి శిరస్సు మీద ఉంచుతాను. మారేడుదళాన్ని ప్రసాదంగా ఇస్తాను, భక్తులు కళ్ళకద్దుకొని కొందరు నములుతారు కూడా. ఉమ్మెత్తపూవును మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టను. శివుడు ధరించేదంతా మనకు భక్ష్యం కాదు. హాలాహలం సంగతి వేరే చెప్పాలా!

ఇక మాత్రల ప్రశ్న. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పన్నెండేళ్ళ క్రితం కోదాడ ప్రాంతపు పల్లె నుండి ఒక కుటుంబం ఇరవై రెండేళ్ళ కుమారుణ్ణి తీసుకొని వచ్చింది. అతనికి మతి చలించి, చికిత్స పొంది, కొంత కుదుటపడి ఉన్నాడు. మా ఆలయంలో మండలదీక్ష చేయిస్తామన్నారు. కృష్ణలో మునిగి, మట్టపల్లి నృసింహస్వామి సన్నిధిలో తడిబట్టలతో 32 ప్రదక్షిణలు చేసే రోగార్తులను బాల్యం నుండి చూస్తున్నవాణ్ణి. దీక్ష వల్ల మేలు కలుగుతుందని నాకు సందేహం లేదు, నేటికీ లేదు. ఆ తల్లి, "దీక్షలో ఉన్నన్నాళ్ళు మందులు ఆపొచ్చునా అయ్యగారూ? వాటితో మత్తుగ పడుంటడు, స్నానానికి లేవడు" అని అడిగింది. నేను, "స్వామి ఉన్నాడు కదమ్మా" అన్నాను. ఆపమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆమె ఆపింది. మూడవ వారంలో ఒక అర్ధరాత్రి ఆ పిల్లవాడు ఎవరో పిలుస్తున్నారంటూ సాగర్ ఎడమకాలువ గట్టు మీదికి పరుగెత్తాడు. వరి కోతల కాలం గనుక అటు వెళ్తున్న ట్రాక్టరువారు పట్టుకొన్నారు. బ్రతికాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, మాత్రలు వేసుకొంటూ, శివరాత్రికి జాగరణకు వస్తాడు. ఆ తల్లి నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆనాటి నుండి దీక్షకు వచ్చినవారిని గోత్రనామాలతోబాటు మందుల గురించి కూడా అడుగుతాను.

మిర్యాలగూడ అబ్బాయి నా ప్రశ్నకు తలదించుకొన్నాడు. తల్లి పోయినప్పటి నుండి మనోవ్యాకులతకు మాత్రలు వాడుతున్నాడట. శిబిరానికి రావాలంటే అవి ఆపి కొన్ని వారాలు గడవాలని నిబంధన. వైద్యునికి చెప్పకుండా తానే ఆపేశాడు. వచ్చిన తరువాత మళ్ళీ మొదలుపెట్టలేదు, "అమ్మ కనిపించింది కదా, ఇంక అవసరం లేదనుకున్న." నెల రోజులుగా నిద్ర లేదు. మళ్ళీ వెళ్ళి త్రాగితే అమ్మ మళ్ళీ వస్తుందని ఆశ. సూర్యాపేటలో నాకు తెలిసిన మానసిక వైద్యుని వద్దకు ఆనాడే పంపించాను. ఆ తీగలోని ద్రవ్యాలు, వ్యాకులతకు వాడే కొన్ని మాత్రలు శరీరంలో కలిస్తే ప్రాణాపాయమేనని, అందుకే శిబిరాలవారు ఆపమంటారని, అలాగని హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమేనని ఆయన నాకు ఫోనులో వివరించారు. మతి చలించే లక్షణం స్వయంగా గాని వంశంలో గాని ఉన్నవారు ఆ కషాయం దరికి పోరాదని కూడా హెచ్చరించారు. పాశ్చాత్యదేశాలలో దీని మీద వైద్యపరిశోధనలు జరుగుతున్న సంగతీ ఆయనే చెప్పారు. మేలు జరిగినవారు ఉంటారు, నేను కాదనను. వైద్యుని చేతిలో మందుగా అది ఎంతవరకు పనికివస్తుందో వైద్యులే తేల్చాలి. అర్చకుడు తేల్చవలసింది కాదు.

నేను చెప్పవలసినది దర్శనం గురించి. సాధకులు ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

ఓషధి వల్ల సిద్ధి కలుగుతుందని పతంజలి మహర్షి కాదనలేదు. కైవల్యపాదం మొదటి సూత్రంలోనే జన్మ, ఓషధి, మంత్రం, తపస్సు, సమాధి అని ఐదు మార్గాలు లెక్కించాడు. భాష్యకారుడు వ్యాసుడు ఓషధిసిద్ధిని అసురభవనాలలోని రసాయనాలకు ముడిపెట్టాడు. శిబిరాల ప్రచారకులు ఈ సూత్రాన్ని తరచు ఉదాహరిస్తారని విన్నాను. కాని అదే పాదంలో మరికొన్ని సూత్రాల అనంతరం, ఈ విధంగా సిద్ధి పొందిన చిత్తాలలో ధ్యానం వల్ల కలిగినది మాత్రమే ఆశయరహితం, అంటే కర్మవాసనల నిక్షేపం లేనిది, అని మహర్షి చెప్పాడు. దానిని మాత్రం ఉదాహరించరు. తక్కినవి ఏమి మిగిల్చిపోతాయో ఈ అబ్బాయి ముఖంలోనే కనిపించింది: మళ్ళీ చూడాలన్న తృష్ణ. అది దుఃఖం కంటె కొత్తది, దుఃఖం కంటె పదునైనది.

1960లలో ఎల్.ఎస్.డి. మత్తులో ఈశ్వరుణ్ణి చూశామంటూ పాశ్చాత్య యువకులు మన దేశానికి వచ్చినప్పుడు, మెహర్ బాబా 1966లో ఆ మార్గాన్ని నిస్సంకోచంగా ఖండించారు. ఆ యువకులలో ఒకడైన, తరువాత రామదాసుగా ప్రసిద్ధి పొందిన రిచర్డ్ ఆల్పర్ట్, ఆ మాత్రలను నీమ్ కరోలీ బాబాకే ఇచ్చి చూశాడట. ఆయనలో ఏ మార్పూ రాలేదని అతడే వ్రాసుకొన్నాడు. కథ ఎంతవరకు నిజమో గాని, నాకు ఇష్టమైన కథ.

"మరి నేను చూసింది అబద్ధమా?" అని అబ్బాయి అడిగాడు. అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు, అది సత్యం కూడా కాదు గనుక. మాండూక్యం జాగ్రత్, స్వప్న, సుషుప్తులను విచారించి, మూడింటిలోనూ మారని సాక్షిని చూపిస్తుంది. స్వప్నంలో త్రాగిన నీరు స్వప్నదాహాన్నే తీర్చినట్లు, ఆ రాత్రి కనిపించిన తల్లి ఆ రాత్రి దుఃఖాన్ని తీర్చింది. దానికి కృతజ్ఞత చెప్పుకో. కాని ఎంత దివ్యమైనదైనా కనిపించినది దృశ్యమే, రాకపోకలు దాని స్వభావం. ఆ సర్పాలను, ఆ రంగవల్లులను, చివరకు ఆ తల్లిని చూసినవాడెవడు? వాడు కషాయానికి ముందూ ఉన్నాడు, తెల్లవారాక వాంతి తుడుచుకొన్నప్పుడూ ఉన్నాడు. వాణ్ణి చూపించే మొక్క ఏ అడవిలోనూ మొలవలేదు.

ఇక రెండవ ప్రశ్న. అమ్మ బాగానే ఉన్నానన్నది, తద్దినమెందుకు?

నేను అతణ్ణి ఇలా అడిగాను: "నాయనా, మీ మిల్లుకు ధాన్యం తోలిన రైతు బజారులో కనిపించి నవ్వుతూ 'బాగున్నా' అన్నాడనుకో. అతనికి ఇవ్వవలసిన పైకం చెల్లినట్లేనా?" మిల్లువారి పిల్లవాడు, వెంటనే అర్థమైంది. మనిషి పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి ఉంటాడని నా తైత్తిరీయమే చెబుతున్నది. బాకీ ఉన్నవారిని కలుసుకొని కుశలమడగడం మంచిదే. బాకీ వేరు. తల్లి ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి కాదు శ్రాద్ధం; తాను కొడుకుగా ఏమి చేయాలో అది చేయడానికి. యాగంలో వలెనే ఇక్కడ కూడా ముందు సమర్పణ, శేషమే మనకు భోజనం. ఇందులోనూ ఓషధులు ఉన్నాయి: దర్భలు, నువ్వులు, బియ్యం. వాటిని త్రాగితే ఏమీ కనిపించదు.

పది పన్నెండు దినాలలో తిథి వచ్చింది. అప్పటికి సూర్యాపేట వైద్యుడు మాత్రలు మళ్ళీ ప్రారంభించారు. రాత్రి నాలుగైదు గంటలు నిద్ర పడుతున్నదన్నాడు. మిర్యాలగూడకు చేరువలో, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి సంగమానికి వెళ్ళాము. అగస్త్యేశ్వరుణ్ణి, లక్ష్మీనరసింహుణ్ణి దర్శించి, రేవు దగ్గర నీడ చూసుకొని కూర్చున్నాము. ఈసారి తండ్రిగారు ప్రక్కన కూర్చున్నారు, కర్త కుమారుడే. ఎండ అప్పటికే తీవ్రంగా ఉన్నది. ప్రాచీనావీతిలో తిలోదకం ఇప్పిస్తూ, తల్లి పేరు చెప్పమన్నాను, చెప్పాడు. పితామహి పేరు అడిగాను. నాయనమ్మ పేరు తెలుసు, చెప్పాడు. ప్రపితామహి పేరు అడిగాను.

తెలియదు. తండ్రి వైపు చూశాడు. ఆయనకూ తోచలేదు, తన నాయనమ్మను అందరూ 'పెద్దమ్మ' అనేవారట, అసలు పేరు చిన్ననాడు విన్నాడేమో, మరచిపోయాడు. పేరు తెలియనప్పుడు ఏమి చేయాలో శాస్త్రం చెప్పింది, గోత్రంతో కానివ్వవచ్చును. నేను అదే చెప్పబోతున్నాను. అబ్బాయి, "ఒక్క నిమిషం అయ్యగారూ" అని లేచి, కోదాడలో ఉన్న మేనత్తకు ఫోను చేశాడు. ఆమెకు ఎనభై ఏళ్ళు, చెవుడు. గట్టు మీద నిలబడి మూడు నాలుగు సార్లు గట్టిగా అరిచి అడిగాడు. అవతల ఆమె చాలాసేపు ఏదో చెబుతూనే ఉన్నది. అతడు వింటూ నిలబడ్డాడు. దర్భలు గాలికి ఎగిరిపోకుండా నేను చేయి అడ్డుపెట్టుకొని కూర్చున్నాను.

తిరిగివచ్చి కూర్చొని, దోసిలి పట్టి, ఆ పేరు చెప్పాడు. తండ్రిగారు "అవును, అదే" అన్నారు. నేను నువ్వులు, నీళ్ళు అతని దోసిట్లో పోశాను.

వెళ్ళేటప్పుడు వచ్చే ఏడు తిథి ఇంగ్లీషు తేదీలలో ఎప్పుడు వస్తుందని అడిగాడు. కొత్త పంచాంగం ఇంకా వెలువడలేదు. ఉగాదికి చూసి చెబుతానన్నాను.